తేరుకోవడానికి నీటికి పట్టే కాలం



ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాసం ఏటా జరుగుతోందో ఆ మాస్టారు జంతుశాస్త్రం బోధించినవారు. చేపను కోసి చూపించే ముందు అది బతికే నీటిని చూపించాలన్నది ఆయన పట్టుదల. అంతటి గురువు పేరు మీద మాట్లాడే అవకాశం ఇచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి. ఈ ఏడు విషయం నన్నే ఎంచుకోమన్నారు. నీటి గురించి తప్ప మరొకటి మాట్లాడటం ఆయన స్మృతికి తగదనిపించింది.

కొల్లేరు గురించి ఏలూరులో మాట్లాడటం తేలికైన పని కాదు. ఈ సభలో ఉన్న చాలామందికి ఆ సరస్సుతో నాకంటే దగ్గర సంబంధం ఉంది. కొందరి బతుకే దాని మీద ఆధారపడి ఉంది. అందువల్ల నేను కొల్లేటి దగ్గర మొదలుపెట్టను. ఇలాగే పాడైన మరికొన్ని సరస్సుల దగ్గర, ఒకటి రెండు సముద్ర తీరాల దగ్గర శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా ఏం చూశారో ముందు మనవి చేసి, ఆ తర్వాత మన సరస్సుకు వస్తాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎరువూ మురుగూ చేరి పాడైన నీరు, ఆ చేరిక ఆగిన నాడే బాగుపడదు. పాడైన దారిలోనే వెనక్కి రాదు కూడా. తేరుకోవడానికి దానికి వేరే కాలం, వేరే క్రమం ఉన్నాయి. ఆ కాలాన్ని లెక్కలోకి తీసుకోని ప్రయత్నాలు సగంలో ఉండగానే విఫలమయ్యాయనిపించుకుని ఆగిపోతాయి.

నేల మీదైనా నీటిలోనైనా మొక్క ఎదగాలంటే నత్రజని, భాస్వరం కావాలి. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. నీలి ఆకుపచ్చ నాచులూ పప్పుజాతి పంటల వేళ్లలోని సూక్ష్మజీవులూ పిడుగులూ కలిసి మార్చి ఇచ్చిన కొద్దిపాటితోనే భూమ్మీది పచ్చదనమంతా వేల ఏళ్లు సాగింది. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని ప్రయోగశాలలో అమ్మోనియాగా మార్చాడు. కార్ల్ బాష్ ఆ పద్ధతిని 1913 నాటికి జర్మనీలోని ఒప్పావులో కర్మాగారం స్థాయికి తెచ్చాడు. నేడు ప్రపంచంలో దాదాపు సగం మంది తినే తిండి ఆ ప్రక్రియ మీద ఆధారపడి ఉందని అంచనా. భాస్వరానిది మరో కథ: లక్షల ఏళ్లు రాతిలో నిద్రపోయిన ఖనిజాన్ని తవ్వి, పొడి చేసి, పొలాల్లో చల్లుతున్నాం.

మన డెల్టాలో ఈ మార్పు మరో మార్పు మీద వచ్చి పడింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. కాల్వలు వచ్చాయి, వాటితోపాటు మురుగు కాల్వలూ వచ్చాయి. వందేళ్లకు పైగా ఆ డ్రెయిన్లలో పారింది ఎక్కువగా ఒండ్రు కలిసిన పొలం నీరే. 1960ల తర్వాత అధిక దిగుబడి వంగడాలు వచ్చాయి, 1967లో విశాఖలో కోరమాండల్ ఎరువుల కర్మాగారం మొదలైంది, డ్రెయిన్లలో నీటి స్వభావం మారిపోయింది. ఇందులో రైతును దోషిగా నిలబెట్టే ఉద్దేశం నాకు లేదు. ఆకలి చూసిన తరం ఎరువు బస్తాను ఏ కళ్లతో చూసిందో తెలియనివారు మాత్రమే ఆ పని చేయగలరు. కానీ వరి మడిలో చల్లిన యూరియాలో సగానికి పైగా పైరుకు అందదన్నది వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చిన సంగతి. మిగిలిందాంట్లో కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటి వెంట పోతుంది. దానికి పట్టణాల మురుగు, సబ్బుపొడి నురగ, చేపల మేత తోడవుతాయి.

పోషకం ఎక్కువైన నీటిలో ఏం జరుగుతుందో చేపల చెరువు రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నీరు చిక్కటి ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. పగలంతా నాచు ప్రాణవాయువును విడుదల చేస్తుంది, రాత్రంతా తనే పీల్చుకుంటుంది. రెండు రోజులు వరసగా మబ్బు పట్టి గాలి ఆడకపోతే, తెల్లవారుజామున నాలుగింటికి బొచ్చెలూ శీలావతులూ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని తిరుగుతాయి. బ్యాటరీ లైటు వేసి ఆ దృశ్యం చూసిన కాపలావాడు ఇంజను వేసి నీరు చిమ్మించడానికి పరుగెడతాడు. పొద్దెక్కేలోగా ప్రాణవాయువు అందకపోతే చేప తెల్లగా తేలుతుంది. సరస్సులోనూ సముద్రంలోనూ జరిగేది ఇదే. చచ్చిన నాచు అడుగుకు చేరుతుంది, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అడుగునీటిలోని ప్రాణవాయువును ఖాళీ చేస్తాయి. అక్కడ కాపలావాడూ ఇంజనూ ఉండరు.

ఇక్కడ అడుగు బురద గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు ఆధారమంతా అక్కడే ఉంది. నీటిలోకి వచ్చిన భాస్వరంలో పెద్ద భాగం మట్టి రేణువులతో, చచ్చిన నాచుతో కలిసి అడుగుకు దిగుతుంది. అక్కడి ఇనుము దాన్ని పట్టి ఉంచుతుంది. బురద పైపొరకు ప్రాణవాయువు అందినంత కాలం ఆ పట్టు సడలదు. ప్రాణవాయువు పోగానే ఇనుము రూపం మారి కరుగుతుంది, పట్టుకున్న భాస్వరాన్ని వదిలేస్తుంది. అది మళ్లీ నీటిలోకి వస్తుంది, మళ్లీ నాచు పెరుగుతుంది, మళ్లీ అడుగున ప్రాణవాయువు పోతుంది. కొత్త అప్పు చేయడం మానేసినా పాత బాకీ మీద వడ్డీ ఏటా పెరుగుతూనే ఉన్న సంసారం లాంటిది ఆ సరస్సు. బయటి నుంచి చుక్క భాస్వరం రాకపోయినా ఏళ్ల తరబడి అది పచ్చగానే ఉండగలదు.

భాస్వరమే మూలమని నమ్మించడానికే ఒకప్పుడు పెద్ద పోరాటం జరిగింది. 1960ల చివర్లో ఉత్తర అమెరికా సరస్సులు పచ్చబడుతుంటే, సబ్బు పరిశ్రమ వైపువారు కారణం భాస్వరం కాదు, కర్బనం అని వాదించారు. కెనడా ప్రభుత్వం 1968లో ఒంటారియో వాయవ్య మూలన, జనసంచారం లేని అడవిలో కొన్ని చిన్న సరస్సులను ప్రయోగాల కోసమే కేటాయించింది. డేవిడ్ షిండ్లర్ నాయకత్వంలో 1973లో 226వ నంబరు సరస్సును మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి రెండుగా విడదీశారు. ఒక సగానికి కర్బనం, నత్రజని వేశారు. రెండో సగానికి ఆ రెండింటితోపాటు భాస్వరం కూడా వేశారు. కొద్ది వారాల్లోనే భాస్వరం వేసిన సగం నాచుతో పచ్చగా నిండింది, అవతలి సగం మామూలుగా ఉండిపోయింది. విమానం నుంచి తీసిన ఆ ఫోటో పుటల కొద్దీ లెక్కలు చేయలేని పని చేసింది. డిటర్జెంట్లలో భాస్వరంపై ఆంక్షలకు అది బలమైన సాక్ష్యమైంది.

ఇప్పుడు బాగుపడిన ఒక సరస్సు. సియాటిల్ నగరం పక్కన ఉన్న వాషింగ్టన్ సరస్సులోకి 1950ల్లో చుట్టుపక్కల ఊళ్ల మురుగు, శుద్ధి చేసినదే అయినా, పోషకాలతో సహా చేరేది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని డబ్ల్యూ.టి. ఎడ్మండ్‌సన్ బృందానికి 1955లో ఆ నీటిలో ఆసిలటోరియా రూబెసెన్స్ అనే నాచు కనబడింది. ఐరోపాలో సరస్సులు పాడయ్యేముందు అదే కనబడిందని ఆయనకు తెలుసు. మురుగు ఆపకపోతే ఏమవుతుందో, ఆపితే ఏమవుతుందో ముందే చెప్పాడు. 1958లో మురుగు మళ్లింపు సంస్థ ఏర్పాటుకు ప్రజల ఓటు అడిగారు. మార్చిలో ఓడిపోయింది, సెప్టెంబరులో గెలిచింది. తమ పన్ను పెరుగుతుందని తెలిసే ప్రజలు ఓటు వేశారు. 1963లో మొదలైన మళ్లింపు 1968లో పూర్తయింది.

నీటి తేటదనం కొలవడానికి సెక్కి పళ్లెం అని ఒకటుంది. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఏంజెలో సెక్కి మధ్యధరా సముద్రంలో తెల్లటి పళ్లేలు దించి చూశాడు, అప్పటినుంచి అది ఆయన పేరుతో నిలిచింది. ఇరవై సెంటీమీటర్ల గుండ్రటి పలకకు తాడు కట్టి నీటిలోకి వదలడం, కంటికి ఏ లోతులో మాయమైందో తాడు మీద గుర్తు చూసి రాసుకోవడం, అంతే పని. 1960ల మొదట్లో వాషింగ్టన్ సరస్సులో వేసవి వేళ ఆ పళ్లెం దాదాపు మీటరు లోతులోనే మాయమయ్యేది. 1970ల చివరికి దాన్ని ఎన్నో మీటర్లు దించినా కనబడుతూ ఉంది. అయితే ఆ మెరుగుదలలో రెండో అంకాన్ని ఎడ్మండ్‌సన్ కూడా ముందుగా ఊహించలేదు. 1976 ప్రాంతంలో డాఫ్నియా అనే సూక్ష్మ జంతువు పెద్ద ఎత్తున తిరిగి వచ్చి, మిగిలిన నాచును మేసి నీటిని ఇంకా తేటపరచింది. భాస్వరం తగ్గించడం మనిషి చేసిన పని, డాఫ్నియాను పిలవడం మనిషి చేయలేదు.

ఆ సరస్సు అంత త్వరగా తేరుకోవడానికి కారణాలు ఉన్నాయి. అది లోతైనది, గరిష్ఠంగా 65 మీటర్లు. కాస్కేడ్ కొండల తేట నీరు దాన్ని కొద్ది ఏళ్లకోసారి పూర్తిగా మార్చేస్తుంది. అడుగున ప్రాణవాయువు పూర్తిగా ఎండిపోలేదు, కాబట్టి బురద తన భాస్వరాన్ని వదలలేదు. కాలుష్యం గొట్టాల్లోంచి వచ్చింది, గొట్టాలు మళ్లిస్తే ఆగిపోయింది. ఈ అనుకూలతలు లేని సరస్సులను దీనితో పోల్చి నిందించడం న్యాయం కాదు. అయినా ఆ పోలిక తరచు జరుగుతుంది.

ఈరీ సరస్సు మొదట బాగుపడి, మళ్లీ పాడైంది. 1960ల్లో అమెరికా పత్రికలు దాన్ని చచ్చిపోయిన సరస్సు అన్నాయి. 1972లో అమెరికా, కెనడాల మధ్య మహాసరస్సుల నీటి నాణ్యత ఒప్పందం కుదిరింది. 1978 సవరణలో ఈరీకి చేరే భాస్వరానికి ఏటా 11,000 టన్నుల పరిమితి పెట్టారు. శుద్ధి కేంద్రాలు కట్టారు, డిటర్జెంట్లను అదుపు చేశారు, 1980ల్లో ఆ పరిమితి నెరవేరింది. నీరు తేటపడింది, చేపలు తిరిగొచ్చాయి. ప్రపంచానికి అదొక ఆదర్శంగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 1990ల మధ్య నుంచి నాచు మళ్లీ మొదలైంది. 2011లో రికార్డు స్థాయిలో కమ్మింది. 2014 ఆగస్టులో టొలీడో నగరంలో నాలుగు లక్షలకు పైగా జనం కుళాయి నీరు తాగవద్దన్న ఆదేశం కింద దాదాపు మూడు రోజులు గడిపారు. నీటిలో చేరింది మైక్రోసిస్టిన్ అనే నాచు విషం. కాచినా ఆ విషం పోదు, నీరు ఇగిరి ఇంకా గాఢమవుతుంది. కాచి చల్లార్చి తాగడం రక్షణ అని నమ్మే మనలాంటి వారికి ఆ వాక్యం భయం పుట్టించాలి.

ఏం జరిగింది? ఈసారి భాస్వరం ఎక్కువగా నగరాల మురుగు గొట్టాల్లోంచి రాలేదు, మామీ నది వెంట మొక్కజొన్న, సోయా పొలాల నుంచి వచ్చింది. దున్నకుండా పైపైన చల్లిన ఎరువు, పొలం నీరు దిగడానికి నేలలో పూడ్చిన గొట్టాలు, వసంతంలో పెరిగిన భారీ వానలు, దశాబ్దాలుగా మట్టిలో పేరుకున్న పాత నిల్వ, ఇవన్నీ కలిశాయి. మొత్తం భాస్వరం పెద్దగా పెరగకపోయినా నాచుకు వెంటనే అందే కరిగిన భాస్వరం పెరిగింది. దానికి తోడు పడమటి ఈరీ లోతు సగటున ఏడు మీటర్లే. నగరాల మురుగును ఇరవై ఏళ్లలో అదుపు చేసిన రెండు సంపన్న దేశాలు పొలాల నుంచి వచ్చేదాన్ని ఇప్పటికీ అదుపు చేయలేకపోతున్నాయి. నలభై శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నాయి. రైతు స్వచ్ఛందంగా చేస్తే చాలన్న విధానంతో ఆ లక్ష్యం చేరదని నా అభిప్రాయం.

సముద్రం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. సరస్సులో నత్రజని తక్కువైతే నీలి ఆకుపచ్చ నాచు గాలి నుంచి తెచ్చుకోగలదు, అందుకే అక్కడ పగ్గం భాస్వరం చేతిలో ఉంటుంది. ఉప్పునీటిలో ఆ నాచు అంతగా పుంజుకోదు. పైగా సముద్రపు నీటిలోని సల్ఫేటు అడుగు బురదలో సల్ఫైడుగా మారి ఇనుమును తన వైపు లాక్కుంటుంది, భాస్వరాన్ని పట్టి ఉంచేవారు ఉండరు. అందువల్ల చాలా తీరాల్లో ముందు చూడవలసింది నత్రజనిని. ఎగువన భాస్వరాన్ని మాత్రమే తగ్గిస్తే, అక్కడ నాచు వాడుకోని నత్రజని కిందికి పోయి ముఖద్వారంలో నాచును పెంచుతుంది. అమెరికాలో న్యూస్ నది దగ్గర 1980ల తర్వాత ఇదే చూశారు. సరస్సుకూ సముద్రానికీ వేర్వేరు శాఖలు వేర్వేరు పథకాలు వేసుకునే చోట ఈ సంగతి ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

మిసిసిపీ నది మెక్సికో సింధుశాఖలో కలిసే చోట ఏటా వేసవిలో అడుగునీటికి ప్రాణవాయువు అందని ప్రాంతాన్ని నాన్సీ రబలే బృందం 1985 నుంచి కొలుస్తోంది. 2017లో అది 22,720 చదరపు కిలోమీటర్లు. మన ఉభయ గోదావరి జిల్లాల పాత విస్తీర్ణం కలిపినా అంత రాదు. 5,000 చదరపు కిలోమీటర్ల లోపుకు తేవాలన్న లక్ష్యానికి గడువులు జరుగుతూ వస్తున్నాయి.

నల్లసముద్రంలో మాత్రం ఎవరూ తలపెట్టని ప్రయోగం ఒకటి జరిగింది. దాని వాయవ్య భాగం లోతు తక్కువ, డాన్యూబ్ నది అక్కడే కలుస్తుంది. 1970లు, 80ల్లో తూర్పు ఐరోపా పొలాలూ పెద్ద పశుశాలలూ వదిలిన పోషకాలతో ఆ తీరం ఏటా ఊపిరాడక పోయేది. 1990 నాటికి అలాంటి ప్రాంతం దాదాపు 40,000 చదరపు కిలోమీటర్లకు చేరింది. ఆ తర్వాత ప్రభుత్వాలు కూలిపోయాయి, ఎరువుకు డబ్బు లేకపోయింది, వాడకం సగానికి పైగా పడిపోయింది. 1990ల మధ్యకల్లా ఆ ప్రాంతం దాదాపు మాయమైంది. ఇది విన్నవారు వెంటనే ఆశ్వాసం పొందుతారు. పూర్తి కథ వినాలి. ఆ అడుగున ఒకప్పుడు ఫిల్లోఫోరా అనే ఎర్రనాచు వేల చదరపు కిలోమీటర్ల పచ్చిక బయలులా ఉండేది, వందల జీవులకు ఇల్లు. అది కొన్ని వందల చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయింది. ప్రాణవాయువు తిరిగి వచ్చింది గాని ఆ బయలు పూర్వస్థితికి రాలేదు. 2001లో వేడి ఏడాది రాగానే అడుగున మళ్లీ ఊపిరి ఆడలేదు.

35 సరస్సుల దీర్ఘకాల కొలతలను ఎరిక్ యెప్పెసెన్, సహచరులు 2005లో పోల్చి చూశారు. బయటి నుంచి భాస్వరం తగ్గించాక సరస్సు కొత్త స్థితికి కుదురుకోవడానికి చాలా చోట్ల 10 నుంచి 15 ఏళ్లు పట్టింది. కార్లోస్ డ్వార్టే, ఆయన సహచరులు 2009లో నాలుగు తీరప్రాంతాలను పరిశీలించి, పోషకాలు తగ్గినా ఏ తీరమూ మునుపటి రూపానికి తిరిగి రాలేదని చూపారు. ఆ మధ్యకాలంలో వాతావరణం మారింది, కొత్త జీవులు వచ్చాయి, చేపల వేట మారింది. తిరిగి వెళ్లడానికి పాత చోటే లేదు. ఒక ఎన్నికకూ మరో ఎన్నికకూ ఐదేళ్లు. ఒక నిధుల పథకానికి మూడేళ్లు. పదిహేనేళ్లు ఓపిక పట్టగల సంస్థ ఏదో మనమే చెప్పుకోవాలి.

కొల్లేటికి వస్తాను. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్లూ ఎన్నో డ్రెయిన్ల నీళ్లూ చేరి, ఒక్క ఉప్పుటేరు గుండా దాదాపు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలిసే మంచినీటి సరస్సు ఇది. లోతు తక్కువ, వాలు ఇంకా తక్కువ. సముద్రం పోటు మీద ఉంటే ఉప్పుటేరు ఎదురు తంతుంది. అంటే వాషింగ్టన్ సరస్సుకు ఉన్న అనుకూలతల్లో ఒక్కటీ దీనికి లేదు. 1970లలో సహకార సంఘాల చేపల చెరువులు వచ్చాయి, ఆ తర్వాత ఎవరికి బలముంటే వారి చెరువులు వచ్చాయి. 1999లో ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువుల గట్లు తెంచారు. ఆ రోజుల్లో సరస్సులోని లంక గ్రామాల్లో ఎన్ని కుటుంబాలు ఉపాధి కోల్పోయాయో ఇక్కడున్నవారికి చెప్పనక్కర్లేదు, వారికి ఇచ్చిన హామీల సంగతీ చెప్పనక్కర్లేదు.

అప్పటినుంచి చర్చ అంతా కాంటూరు మీదే. ప్లస్ 5 ఉండాలా, ప్లస్ 3 చాలా? హద్దు ముఖ్యమే, నేను కాదనను. నీటికి పరచుకునే చోటు కావాలి, నడవడానికి దారి కావాలి. కానీ హద్దు ఎక్కడ గీసినా, దాన్ని దాటి లోపలికి వచ్చే నీటిలో ఏముందన్న ప్రశ్న అలాగే ఉంది. కాంటూరు బయట వేల ఎకరాల్లో చెరువులున్నాయి. వాటిలో కోళ్ల పెంట, సూపర్ ఫాస్ఫేట్, నూనె తీసిన తవుడు పడతాయి. పట్టుబడి అయ్యాక ఆ నీరంతా, అడుగు బురదతో సహా, డ్రెయిన్లోకి తోడతారు. పై నుంచి పొలాల నీరు, పట్టణాల మురుగు ఉండనే ఉన్నాయి. కొల్లేరు నీళ్లు తాగి, ఆ నీళ్లతోనే అన్నం వండుకున్నామని చెప్పే పెద్దలు లంకల్లో ఇంకా ఉన్నారు. ఇప్పుడు అదే లంకల్లో క్యాన్ల నీరు కొంటున్నారు. చుట్టూ నీరు ఉండగా తాగునీరు కొనుక్కోవలసి రావడాన్ని అన్యాయం అనకుండా ఏ శాస్త్ర పరిభాషతోనూ చెప్పలేను.

సరస్సును కప్పే గుర్రపుడెక్కను ఏటా యంత్రాలు పెట్టి తీయిస్తారు, ఫోటోలు పత్రికల్లో వస్తాయి. ఆ మొక్క రోగం కాదు, లక్షణం. అయినా తీయడం వృథా అనను, ఎందుకంటే దాని ఒంట్లో సరస్సులోని నత్రజని, భాస్వరం ఉన్నాయి. తీసి గట్టు మీదే కుప్ప పోస్తే తొలి వానకు అవన్నీ మళ్లీ నీటిలోకే వస్తాయి. దూరంగా తీసుకుపోయి ఎరువు చేసి పొలానికి పెడితే, పొలం నుంచి వచ్చింది పొలానికి చేరుతుంది.

ఉప్పుటేరు దిగువన ఏమవుతోందన్నది ఇంకా తక్కువగా అడిగే ప్రశ్న. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చాక తీరం పొడవునా మేత, వ్యర్థ జలం పెరిగాయి. బంగాళాఖాతం మధ్య లోతుల్లో ప్రాణవాయువు ఇప్పటికే దాదాపు లేదు, లేశమాత్రం మిగిలి ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. నదుల మంచినీరు పైన పొరలా పరుచుకుని గాలి కిందికి దిగనివ్వదు. అదనపు భారం మోసే వెసులుబాటు ఆ సముద్రానికి తక్కువ.

చేయవలసిన పనుల్లో మొదటిది కొలవడం. ఎడ్మండ్‌సన్ మాటను సియాటిల్ ప్రజలు నమ్మడానికి కారణం ఆయన దగ్గర ఏళ్ల తరబడి ఆపకుండా తీసిన అంకెలు ఉండటమే. కొల్లేటి మీద పరిశోధన వ్యాసాలు చాలానే ఉన్నాయి. ఎక్కువ భాగం ఒక డిగ్రీ కోసం రెండేళ్లు కొలిచి ఆపేసినవి. కాబట్టి ఈ కళాశాలకు నా విన్నపం ఇది. జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం విభాగాలు కలిసి, సరస్సులోకి వచ్చే ప్రధాన డ్రెయిన్ల మీద, ఉప్పుటేరు మొదట్లో, చివర్లో, పదిహేను రోజులకోసారి నీటి నమూనా తీయాలి. కరిగిన భాస్వరం, మొత్తం భాస్వరం, నైట్రేటు, తెల్లవారుజామున అడుగునీటిలో ప్రాణవాయువు కొలవాలి. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, డిగ్రీ విద్యార్థులు చేయగల పరీక్షలే. లంక గ్రామాల యువకులను ఆ పనిలో జీతమిచ్చి పెట్టుకోవాలి. ఏ డ్రెయిన్లోకి ఏ రాత్రి ఎవరు నీరు వదిలారో వారికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. అంకెలను దాచకుండా నెలనెలా పంచాయతీ గోడ మీద అంటించాలి. ప్రధానాచార్యులు మారినా, ప్రభుత్వాలు మారినా ఆ అంకెలు రాసే పుస్తకంలో ఒక్క వరుస కూడా ఖాళీ ఉండకూడదు. మొదటి ఏడాదికి నమూనా సీసాలు, రసాయనాల ఖర్చు నేను భరిస్తానని సభాముఖంగా మనవి చేస్తున్నాను. వచ్చే జూన్‌లో, వానలు మొదలై డ్రెయిన్లు పారకముందే, మొదటి నమూనా తీయవచ్చు.